అరవై నాలుగేళ్లకు మళ్లీ షటిల్ కోర్టులోకి: పన్నెండు వారాల కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తి 64 ఏళ్ల విశ్రాంత ఉద్యోగి, కుడిచేతి ఆటగాడు. కాలేజీ రోజుల నుంచి నలభై దగ్గరపడేదాకా వారానికి నాలుగైదు రోజులు షటిల్ ఆడారు. ఆ తర్వాత పాతికేళ్లు రాకెట్ పట్టలేదు. కొంతకాలంగా స్నేహితులు ఆడుతుంటే పక్కన బెంచీ మీద కూర్చుని స్కోరు చెబుతున్నారు. ఫిజియోథెరపీకి వచ్చేనాటికి ఆయనకు ఏ నొప్పీ లేదు. "రోజూ ముప్పావు గంట నడుస్తున్నాను కదండీ, మళ్లీ ఆడొచ్చా?" అని అడిగారు.

ఇందులోని వివరాలు ఏ ఒక్కరివీ కావు. ఈ వయసులో ఆటకు తిరిగొచ్చేవాళ్లలో పదే పదే కనిపించే తీరును ఒకే మనిషిగా కూర్చి రాసిన కేసు ఇది. అంకెలను కూడా ఆ తీరుకు తగ్గట్టే తీసుకున్నాం.

ఆడొచ్చు. అయితే ఆయన నడకకూ కోర్టుకూ పెద్దగా సంబంధం లేదు. నడక గుండెనూ ఊపిరితిత్తులనూ ఒక మోస్తరుగా సిద్ధం చేస్తుంది. కోర్టులో కావలసింది ఆగే శక్తి. నెట్ దగ్గర పడబోతున్న కాక్ కోసం ముందుకు పెద్ద అంగ వేసినప్పుడు ఒంటి బరువునంతా ఒక కాలే ఆపి, మళ్లీ వెనక్కి నెట్టాలి. తల మీదుగా వెళ్లే కాక్ కోసం వెనక్కి జరిగి దిగినప్పుడు పిక్క, దాని కింద మడమకు అతుక్కునే అకిలిస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటి స్నాయువు) సాగుతూనే బిగుసుకోవాలి. ఎంత నడిచినా ఈ రెండు పనులూ అలవాటు కావు. పైగా వయసుతో కండరాల బలం కన్నా వాటి వేగం ముందుగా తగ్గుతుంది. తిరిగొచ్చినవాళ్లు ఊపిరి ఆడక ఆగిపోవడం అరుదు. పిక్క, మడమ, మోకాలు, భుజం వల్లే ఆగిపోతారు. ఈ కేసు ప్రణాళిక అంతా ఆ లెక్క మీదే నడిచింది.

మందులు, గుండె

బీపీకి టెల్మిసార్టన్, మెటొప్రొలాల్, షుగరుకు మెట్‌ఫార్మిన్. కొలిచిన రోజు బీపీ 132/80, విశ్రాంతిలో నాడి 58. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు.

మామూలు నడక అలవాటున్న మనిషే అయినా షుగరు ఉంది, వెళ్లబోయేది గట్టిగా శ్రమించాల్సిన ఆటకు. కాబట్టి ముందు వైద్యుడి అనుమతి తప్పనిసరి. ఆయన వైద్యుడు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, అభ్యంతరం లేదని రాసిచ్చారు. ఆ కాగితం చేతికి వచ్చాకే కాళ్ల పరీక్ష మొదలైంది.

మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడేవాళ్లకు నాడి లెక్కలు పనికిరావు. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేసే సూత్రం ప్రకారం ఈయన గరిష్ఠ నాడి 163 రావాలి. మందు నాడిని పెరగనివ్వదు కాబట్టి ఎంత ఆయాసపడినా ఆ దరిదాపుల్లోకి రాదు. చేతి గడియారం "తేలికపాటి శ్రమ" అని చూపిస్తున్నప్పుడే మనిషి అలసిపోయి ఉంటాడు. అందుకే గడియారం పక్కన పెట్టించి, 0 నుంచి 10 వరకు శ్రమ అంకె చెప్పించడం నేర్పాం. పూర్తి వాక్యం మాట్లాడగలిగితే 3 లేదా 4. రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే 6 లేదా 7. మొదటి రెండు నెలలు 6 దాటకూడదన్నది షరతు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆటలో షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఆటకు ముందు షుగరు చూసుకోవాలి. ఆ మందులతో పాటు బీటా బ్లాకర్ కూడా ఉంటే ఇంకో చిక్కు. షుగరు పడిపోతోందని హెచ్చరించే గుండెదడ, వణుకు సరిగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది. బీపీ మందులు వాడేవాళ్లు చివరి పాయింటు కాగానే కుర్చీలో కూలబడితే కళ్లు తిరుగుతాయి. ఆట అయ్యాక ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి కూర్చోవడం ఈయనకు మొదటి రోజు నుంచీ నియమం.

మందుల జాబితాలో తప్పక అడగాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినొలోన్ రకం మందులు టెండన్ తెగే ప్రమాదాన్ని పెంచుతాయి. 60 దాటినవాళ్లలో, స్టెరాయిడ్లు కూడా వాడుతున్నవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కోర్సు అయిపోయిన కొన్ని వారాలు, నెలల తర్వాత కూడా టెండన్ తెగిన కేసులున్నాయి. "ఈ మధ్య ఏమైనా మందులు వాడారా?" అంటే జ్వరానికో దగ్గుకో వాడిన ఐదు రోజుల కోర్సు ఎవరికీ గుర్తుకు రాదు. యాంటీబయాటిక్ అనే మాట వాడి, ఆరు నెలల వెనక్కి వెళ్లి అడగాలి. ఈయన వాడలేదు.

కాళ్ల పరీక్షలో తేలింది

అర నిమిషంలో చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూస్తే 13. 60–64 ఏళ్ల పురుషులకు 14 కన్నా తక్కువైతే సగటు కంటే తక్కువ కింద లెక్క. రోజూ నడిచే మనిషికి ఈ అంకె రావడం ఆయనకే ఆశ్చర్యం వేసింది.

గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం: కుడికాలితో 17, ఎడమకాలితో 9. ఎడమ వైపు ఆరోసారి నుంచే మడమ పూర్తిగా లేవడం మానేసింది. ఇక్కడ లెక్క ఒక్కటే చూస్తే చాలదు. మోకాలు వంచి, ఒళ్లు ముందుకు ఊపి, మడమ సగమే ఎత్తి ఇరవై చేసేసేవాళ్లు ఉంటారు. ఎత్తు తగ్గిన చోటే లెక్క ఆపాలి.

పాదం నేలకు అంటి ఉండగా మోకాలిని గోడకు తాకించే పరీక్షలో బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కుడి వైపు 9 సెంటీమీటర్లు, ఎడమ వైపు 6. చీలమండ ఇంత బిగుసుకుపోయి ఉంటే అంగ వేసినప్పుడు మడమ ముందే లేచిపోతుంది, మోకాలు లోపలికి వాలుతుంది. కళ్లు తెరిచి ఒంటికాలి మీద నిలబడటం కుడి 24 సెకన్లు, ఎడమ 11. ఆరు నిమిషాల నడకలో 540 మీటర్లు వెళ్లారు. అంటే గుండె, ఊపిరి వైపు ఇబ్బంది ఏమీ లేదు.

కుడిచేతి ఆటగాడికి ఎడమకాలు బలహీనంగా ఉండటం తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. తల మీదుగా ఎడమ వెనక మూలకు వెళ్లే కాక్‌ను ఫోర్‌హ్యాండ్‌తోనే (అరచేతి వైపు దెబ్బతోనే) కొట్టాలని చూస్తే దిగేది ఎడమకాలి మీదే. దిగీ దిగగానే శరీరాన్ని ముందుకు తోయాల్సిందీ ఆ కాలే. మడమ కిందికి దిగుతున్న క్షణంలో పిక్క బిగుసుకోవడం దగ్గరే అకిలిస్ తెగడం, పిక్క కండరం చిరగడం ఎక్కువగా జరుగుతాయి. ఈయన యవ్వనంలో బాగా ఇష్టపడిన షాట్ సరిగ్గా అదే.

భుజం పూర్తిగా పైకి లేస్తోంది, నొప్పి లేదు. కుడిచేతిని వెనక్కి మడిచి వీపు మీద పైకి జరిపితే ఎడమచేయి వెళ్లిన చోటుకు వెళ్లడం లేదు. చేతిని బయటికి తిప్పే బలం కుడి వైపు కొంచెం తక్కువ. ఈ వయసులో నొప్పి లేకుండానే భుజం లోపలి టెండన్లలో చిరుగులు ఉండటం మామూలే. కాబట్టి స్కాన్ అడగలేదు. స్కాన్‌లో ఏదో ఒకటి కనబడుతుంది, మనిషి భయపడతాడు, ప్రణాళిక మాత్రం మారదు.

ఏ ఆట, ఎందుకు

షటిల్ వద్దు, మరింత తేలికైనది చూసుకోండి అని చెప్పడం సులువు. ఆ సలహా ఇచ్చిన చోట చాలామంది మళ్లీ బెంచీ మీదే కూర్చుంటారు. కోపెన్‌హేగన్‌లో ఏళ్ల తరబడి జరిగిన గుండె పరిశీలన నుంచి 2018లో వచ్చిన విశ్లేషణలో, ఏ వ్యాయామమూ చేయనివాళ్లతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ల ఆయుర్దాయం 9.7 ఏళ్లు, బాడ్మింటన్ ఆడేవాళ్లది 6.2 ఏళ్లు, జాగింగ్ చేసేవాళ్లది 3.2 ఏళ్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. అది పరిశీలన మాత్రమే. రాకెట్ ఆటలు ఆడేవాళ్లు ముందునుంచే ఆరోగ్యంగా, ఆర్థికంగా మెరుగ్గా ఉండి ఉండొచ్చు. ఆట వల్లే ఆయుష్షు పెరిగిందని దాన్ని పట్టుకుని చెప్పలేం. అయితే నలుగురితో కలిసి ఆడే ఆటను మనిషి ఏళ్ల తరబడి వదలకుండా ఆడతాడన్నది మాత్రం రోజూ కనిపించేదే. వ్యాయామం షీటు రాసిస్తే రెండో నెలకు మూలన పడుతుంది. మిగతా ముగ్గురు ఎదురు చూస్తున్నారంటే మనిషి వెళ్తాడు.

షరతు డబుల్స్ మాత్రమే. సింగిల్స్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు. నెట్‌కు ఇవతలున్న సగమంతా ఒక్కడే చూసుకోవాలి. డబుల్స్‌లో వెడల్పు 6.1 మీటర్లకు పెరిగినా అది ఇద్దరి మధ్య పంచుకున్నది. తమ జట్టు దాడిలో ఉన్నప్పుడు ఈయన నెట్ దగ్గర, పార్ట్‌నర్ వెనక ఉండాలి. తల మీదుగా వెళ్లే ప్రతి కాక్ పార్ట్‌నర్‌దే. దీన్ని మాటల్లో ఒప్పుకోవడం తేలిక. ఆటలో మాత్రం చెయ్యి దానంతట అదే లేస్తుంది. అందుకే ప్రతి కాక్‌కూ ఇద్దరిలో ఒకరు "నాది" అని గట్టిగా అనాల్సిందేనన్న నియమం పెట్టాం.

మొదటి మూడు వారాలు: కోర్టు లేదు

వారానికి మూడు రోజులు, రోజుకు 35 నిమిషాలు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. బరువు పడిన టెండన్ రెండు మూడు రోజుల పాటు తనను తాను మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఆ ఖాళీ ఇవ్వకపోతే కట్టడం కన్నా విరగడం ఎక్కువవుతుంది.

మడమలు ఎత్తడం ఈ దశకు ఆయువుపట్టు. మొదటి వారం రెండు కాళ్లతో, పన్నెండేసి చొప్పున మూడు విడతలు. పైకి మూడు సెకన్లు, కిందికి మూడు సెకన్లు. రెండో వారం నుంచి ఒంటికాలితో ఎనిమిదేసి మూడు విడతలు, ఎడమకాలికి అదనంగా మరో విడత. మూడో వారంలో వీపున ఐదు కిలోల సంచి. దీనితో పాటు కుర్చీలో కూర్చుని మోకాళ్ల మీద పది కిలోల బరువు పెట్టుకుని పదిహేనేసి మూడు విడతలు. మోకాలు వంగి ఉన్నప్పుడు పనిచేసేది పిక్క లోపలి పొర, సోలియస్. కోర్టులో మోకాళ్లు ఎప్పుడూ కొంత వంగే ఉంటాయి కాబట్టి నిలబడి చేసేది ఒక్కటే సరిపోదు. చాలామంది వదిలేసేది ఈ కూర్చుని చేసే భాగాన్నే.

45 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీలోంచి లేవడం పదేసి చొప్పున మూడు విడతలు. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టాలి, లేచేటప్పుడు వీలైనంత చురుగ్గా లేవాలి. పోయిన వేగాన్ని తిరిగి తెచ్చేది ఆ చురుకుదనమే. ముందుకు అంగ సగం లోతు వరకే, ఒక్కో కాలికి ఆరేసి. మోకాళ్లకు కాస్త పైన రబ్బరు బ్యాండు కట్టుకుని పక్కకు నడవడం పది మీటర్లు, రెండుసార్లు. భుజానికి బ్యాండుతో చేతిని బయటికి తిప్పడం పన్నెండేసి మూడు విడతలు. చివర ఒంటికాలి మీద ఇరవై సెకన్లు నాలుగుసార్లు; రెండో వారం నుంచి తల అటూ ఇటూ తిప్పుతూ, మూడో వారంలో గోడకు బంతి కొట్టి పట్టుకుంటూ.

ముప్పావు గంట నడక అరగంటకు తగ్గింది. అందులో ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, ఇలా ఆరుసార్లు. నడక తగ్గించమంటే ఆయన ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది.

బూట్లు, కళ్లజోడు, రాకెట్

ఆయన పాత షటిల్ బూట్లు తెచ్చారు. చూపుకి కొత్తవాటిలాగే ఉన్నాయి. పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సోల్, బూట్లు వాడకుండా దాచినా, గాలిలోని తేమకు ఏళ్ల తరబడి కుళ్లుతుంది. నాలుగు అంగలు వేసేసరికి పొడిపొడిగా ఊడిపోయి జారిపడేస్తుంది. అవి పక్కన పెట్టించాం. ఆయన నడకకు వాడే మెత్తటి, ఎత్తు సోలున్న రన్నింగ్ బూట్లు కూడా పనికిరావు. ముందుకు వెళ్లడానికి చేసిన ఆ ఎత్తు, పక్కకు కోసినట్టు కదిలినప్పుడు చీలమండను తిప్పేస్తుంది. పలచటి గమ్ సోల్, పక్కలకు గట్టి ఆసరా, బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉన్న షటిల్ బూట్లు కావాలి. సిమెంటు నేల ఈ ఆటకు ఈ వయసులో వద్దు. చెక్క నేల గానీ, దాని మీద సింథటిక్ మ్యాట్ గానీ ఉండాలి.

ఎవరికీ తట్టని సంగతి కళ్లజోడు. ఆయనవి దూరపు, దగ్గరి చూపులు రెండూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు. వాటి కింది భాగం దగ్గరి చూపుకు చేసినది. నెట్ కింద పడబోతున్న కాక్ కోసం, నేల మీది గీత కోసం కళ్లు దించితే అంతా మసకే. దూరం అంచనా తప్పుతుంది, కాలు తప్పుతుంది. ఆటకు దూరపు చూపు మాత్రమే ఉన్న అద్దాలు, అవీ తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌తో చేయించుకోవాలి. నెట్ దగ్గర నిలబడే ఆటగాడు వెనక పార్ట్‌నర్ ఏం కొడుతున్నాడో చూద్దామని తిరిగే అలవాటు ఉంటుంది. కాక్ తల కంటి గుంటలో పట్టేంత చిన్నది కాబట్టి కంటి చుట్టూ ఎముక దాన్ని ఆపలేదు. అద్దాలు పెట్టుకున్నా వెనక్కి తిరగకూడదు.

రాకెట్ 4యూ తూకం, అంటే 80 నుంచి 84.9 గ్రాముల మధ్య. తీగల బిగువు 20–22 పౌండ్లు. బిగువు ఎక్కువైతే కాక్‌ను సరిగ్గా మధ్యలో కొట్టాలి, లేదంటే అదురు మోచేతికి చేరుతుంది. గ్రిప్‌ను గట్టిగా పట్టుకుంటే ముంజేయి ముందు అలసిపోతుంది, తర్వాత మోచేయి నొప్పెడుతుంది.

నాలుగో వారం: కోర్టులోకి, స్కోరు లేకుండా

వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున. ముందు 12 నిమిషాలు ఒళ్లు వెచ్చబరచుకోవాలి. నాలుగు నిమిషాలు చురుకైన నడక, పక్కకు జరిగే అడుగులు. రెండు నిమిషాలు మడమలు ఎత్తడం, చిన్న అంగలు. రెండు నిమిషాలు భుజాలు. చివరి నాలుగు నిమిషాలు నెట్‌కు ఇటూ అటూ మెల్లగా కాక్ ఆడించడం. నిశ్చలంగా నిలబడి పిక్కను అరనిమిషం పైగా సాగదీసి వెంటనే ఆడటం వల్ల లాభం లేదు. అలాంటి సాగదీత ఆట అయ్యాకే.

కోర్టులో మొదట కాక్ లేకుండా అడుగులు: 20 సెకన్లు కదలిక, 40 సెకన్లు విశ్రాంతి, ఆరుసార్లు. నెట్ వైపు రెండు మూలలు, పక్కలు మాత్రమే. వెనక్కి వెళ్లడం ఆరో వారం దాకా లేదు. తర్వాత ఎదుటివాళ్లు చేత్తో వేసే కాక్‌లు ఎనిమిదేసి నాలుగు విడతలు. స్మాష్ (కాక్‌ను పైనుంచి బలంగా కిందికి కొట్టడం) లేదు, ఎగరడం లేదు.

వెనక్కి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు కూడా నెట్ వైపు ముఖం పెట్టి పరుగెత్తడం నిషేధం. ముందు నడుము పక్కకు తిప్పి, జరిగే అడుగులతో వెళ్లాలి. మడమ మీద వెనక్కి పడితే చెయ్యి ఆనిస్తాడు, మణికట్టు విరుగుతుంది. లేదా తల తగులుతుంది. అందని కాక్ వదిలేయడం కూడా సాధన చేయాల్సిన విద్యే. దాన్నీ ఒక డ్రిల్లుగా పెట్టాం. పదిలో మూడు కాక్‌లు కావాలనే దూరంగా వేస్తాం, వాటికి కదలకూడదు. ఈ డ్రిల్లులో అందరికన్నా ఎక్కువగా తప్పేవాళ్లు ఒకప్పుడు బాగా ఆడినవాళ్లే.

శ్రమ లెక్క ఇలా వేశాం: నిమిషాలను శ్రమ అంకెతో గుణించాలి. నాలుగో వారంలో 30 నిమిషాలు, శ్రమ 4. ఒక్కో రోజు 120, వారానికి 240. ఐదో వారానికి అనుకున్నది 35 నిమిషాల చొప్పున రెండు రోజులు, మొత్తం 280.

ఐదో వారంలో జరిగింది

తిరిగొచ్చేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా మూడు నుంచి ఆరు వారాల మధ్య. అప్పటికి ఊపిరి బాగా అందుతుంది, చెయ్యి కుదురుతుంది, ఒళ్లు తేలికగా ఉంటుంది. కండరం వారాల్లో కోలుకుంటుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. ఈ తేడా లోపల ఎక్కడా తెలియదు.

వారం మధ్యలో అనుకున్నట్టే 35 నిమిషాలు ఆడారు, శ్రమ 4, మొత్తం 140. శనివారం నలుగురిలో ఒకరు రాలేదు. ముగ్గురే మిగిలితే ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు ఆడటం అన్ని కోర్టుల్లోనూ ఉన్నదే. ఒంటరి వైపు వంతు ఈయనకూ వచ్చింది. 70 నిమిషాలు, శ్రమ 7: 490. మర్నాడు ఆదివారం "నలుగురం కుదిరాం" అని పిలిస్తే 40 నిమిషాలు, శ్రమ 6: 240. వారం మొత్తం 870. ముందు వారం 240. మూడున్నర రెట్లకు పైనే, అదీ చాలావరకు వరసగా రెండు రోజుల్లో.

సోమవారం పొద్దున మంచం దిగగానే ఎడమ మడమ వెనక పట్టేసింది. పది అడుగులు వేశాక సడలింది, మధ్యాహ్నానికి మరిచిపోయారు, మంగళవారం పొద్దున మళ్లీ వచ్చింది. నొప్పి పదికి నాలుగు. పరీక్షలో, మడమ ఎముకకు నాలుగైదు సెంటీమీటర్ల పైన టెండన్‌ను రెండు వేళ్లతో నొక్కితే నొప్పి. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిండితే పాదం కదిలింది, అంటే టెండన్ తెగలేదు. రెండు పిక్కల చుట్టుకొలత సమానం, వాపు, వేడి లేవు. ఒక పిక్కే వాచి, వెచ్చగా, బరువుగా ఉంటే అది ఆట దెబ్బ అనుకుని మాలిష్ చేయకూడదు. సిరలో రక్తం గడ్డకట్టిందేమో ముందు వైద్యుడు చూడాలి.

పూర్తి విశ్రాంతి ఇవ్వలేదు. విశ్రాంతితో నొప్పి పోతుంది, టెండన్ ఇంకా బలహీనమవుతుంది, తిరిగి వెళ్లిన రోజే మళ్లీ పట్టేస్తుంది. కోర్టు మాత్రం ఆపించి, సమతల నడక ఉంచాం. రెండు బూట్లలోనూ 10 మిల్లీమీటర్ల మడమ ప్యాడ్ పెట్టాం. మొదటి నాలుగు రోజులు మడమ సగం ఎత్తి కదలకుండా 45 సెకన్లు పట్టి ఉంచడం, ఐదుసార్లు, రోజుకు రెండు పూటలు. దీనితో కొందరికి వెంటనే ఉపశమనం వస్తుంది, కొందరికి రాదు. ఈయనకు కొంత వచ్చింది. ఐదో రోజు నుంచి మళ్లీ నెమ్మదైన మడమల ఎత్తడం, సంచితో, రోజు విడిచి రోజు. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి ముందు రోజు స్థాయికి దిగాలి. దిగకపోతే బరువు తగ్గించాలి, మానేయకూడదు.

కోర్టుకు తిరిగి వెళ్లడానికి రెండు గుర్తులు పెట్టుకున్నాం: పొద్దుటి నొప్పి వరసగా మూడు రోజులు రెండు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి, ఎడమకాలితో పూర్తి ఎత్తుకు 12 మడమలు రావాలి. రెండూ పన్నెండో రోజుకు కుదిరాయి.

అసలు మార్పు వ్యాయామాల్లో కన్నా బృందంతో చేసుకున్న ఒప్పందంలో వచ్చింది. మిగతా ముగ్గురికీ విషయం చెప్పారు. ముగ్గురే వస్తే ఆ రోజు సగం కోర్టులో డ్రాప్‌లు (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే షాట్లు), సర్వ్‌లు మాత్రమే. వరసగా రెండో రోజు ఎవరు పిలిచినా ఈయన రారు. "ఇంకొక్క గేమ్" అనే మాటకు ముందే జవాబు ఉండాలి కాబట్టి, ఏ రోజు ఎన్ని గేములో ఆట మొదలవక ముందే చెప్పేస్తారు. ఇది సిగ్గుపడే విషయంగా కొందరు చూస్తారు. బృందానికి చెప్పకుండా రహస్యంగా జాగ్రత్తపడాలనుకునేవాళ్లు మాత్రం మొదటి ఉత్కంఠ గేమ్‌లోనే దాన్ని మరిచిపోతారు.

టెండన్ తెగితే ఎలా తెలుస్తుందో కూడా అప్పుడే అందరికీ చెప్పించాం. వెనక నుంచి ఎవరో తన్నినట్టు, కాక్ తగిలినట్టు అనిపిస్తుంది; తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నొప్పి తగ్గిపోవచ్చు, కుంటుకుంటూ నడవగలగవచ్చు. అందుకే చాలామంది బెణుకు అనుకుని వారాలు గడిపేస్తారు. అలా అనిపిస్తే ఆ కాలు ఆనకుండా, పాదం కిందికి వాలి ఉండేలా ఉంచి అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ఏడు నుంచి పన్నెండు వారాలు

ఏడో వారం నుంచి 11 పాయింట్ల గేములు రెండు, మధ్యలో ఐదు నిమిషాల విశ్రాంతి. తొమ్మిదో వారంలో మూడు. పదో వారం నుంచి 21 పాయింట్ల గేములు, వారానికి రెండు రోజులు, రోజుకు రెండేసి. 11 దగ్గర నియమాల్లో ఉన్న 60 సెకన్ల విరామాన్ని రెండు నిమిషాలు చేసుకున్నారు. వారపు శ్రమ లెక్క ఏ వారమూ ముందు వారం కన్నా ఐదో వంతుకు మించి పెరగనివ్వలేదు. బలం వ్యాయామాలు వారానికి రెండు రోజులకు తగ్గాయి గానీ మానలేదు. ఆట మొదలయ్యాక వ్యాయామం మానేయడం రెండో దెబ్బకు నాంది.

ఎడమ మూలకు వెళ్లే కాక్‌ను ఫోర్‌హ్యాండ్‌తో కొట్టే పాత అలవాటును బ్యాక్‌హ్యాండ్‌తో (చేతి వెనక వైపు దెబ్బతో) మార్చుకున్నారు. బ్యాక్‌హ్యాండ్ క్లియర్ (ఎదుటి కోర్టు చివరిదాకా ఎత్తుగా కొట్టే షాట్) సగం కోర్టు కూడా దాటడం లేదు. బదులుగా అక్కడి నుంచి డ్రాప్ వేయడం నేర్చుకున్నారు. స్మాష్ తీసేశాం. భుజం కన్నా ముందు, స్మాష్ తర్వాత దిగే కాలు కోసం.

పన్నెండో వారం కొలతలు: కుర్చీలోంచి లేవడం 18. మడమలు ఎడమ 17, కుడి 21. గోడ పరీక్ష ఎడమ 8 సెంటీమీటర్లు. ఒంటికాలి నిలకడ ఎడమ 23 సెకన్లు. బీపీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. బరువు 77 కిలోలు. ఆట మొదలుపెడితే బరువు దానంతటదే తగ్గుతుందనుకునేవాళ్లు ఈ అంకె చూడాలి. చీలమండ ఇంకా కుడిదానంత వంగడం లేదు, భుజం వెనక బిగువు అలాగే ఉంది.

ఆరో నెలలో చూసినప్పుడు వారానికి రెండు రోజులు, మూడేసి గేములు ఆడుతున్నారు. మధ్యలో ప్రయాణం వల్ల మూడు వారాల ఖాళీ వచ్చింది. తిరిగొచ్చాక మొదటి వారం ముందున్న లెక్కలో సగం, రెండో వారం ముప్పావు, మూడో వారం పూర్తి. వారం లోపు ఖాళీకి ఈ తగ్గింపు అక్కర్లేదు. రెండు వారాలు దాటితే తప్పనిసరి. చలి ఉదయాల్లో ఎడమ మడమ ఒక్కోసారి పదికి ఒకటి పట్టేస్తోంది. వెచ్చబరచుకోవడానికి ఆ రోజుల్లో 12 నిమిషాల బదులు 18 తీసుకుంటున్నారు. సంచిలో బరువు ఎనిమిది కిలోలకు పెంచి, ఎడమకాలికి ఆ అదనపు విడతను ఇంకో ఆరు నెలలు కొనసాగించమన్నాం. 65 నిండాక ఐదేళ్లకో వయసు విభాగం చొప్పున జరిగే వెటరన్స్ పోటీల్లో ఆడొచ్చా అని అడుగుతున్నారు. వరసగా రెండు రోజులు మ్యాచ్‌లుండే పోటీ ఏదైనా, ఎడమకాలితో మడమ ఎత్తే లెక్క 20 దాటి, రోజు విడిచి రోజు మూడు గేములు మూడు నెలల పాటు నొప్పి లేకుండా గడిచాకే.